అంతరిక్ష దినోత్సవ వాలంటీర్లకు పాఠాలు – 3: పడే బాటిల్

ఈసారి చందమామ దూరం గురించి చెబుతానన్నాను. కానీ పోయిన పాఠంలోని నీళ్ల రాకెట్ మీలో చాలామందికి లేవనే లేదట. ముందు దాని సంగతి చూద్దాం. కొందరు బాటిల్ నిండా నీళ్లు పోశారు. రాకెట్‌ను ఎగరేసే శక్తి పంపుతో కుక్కిన గాలిది. దానికి చోటే లేకపోతే ఇంకేం ఎగురుతుంది? మూడో వంతు నీళ్లు చాలు. ఇంకొందరు పల్చటి మంచినీళ్ల బాటిల్ వాడారు. అది ఒత్తిడికి ఆగదు, కూల్‌డ్రింక్ బాటిలే కావాలి. మైదానం ఖాళీగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

నాకు అసలు చిరాకు తెప్పించింది మీరు రాసిపంపిన స్క్రిప్టులు. 'అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలుతారు' అని రాశారు! ఆగస్టు 23న స్టాల్ దగ్గర ఈ మాట అనండి చూద్దాం. ఏడో తరగతి పిల్ల ఒకతె 'మరి చందమామ భూమిని వదిలి ఎందుకు పోవట్లేదు సార్?' అంటుంది. అప్పుడు నీళ్లు నమలాల్సిందే.

2025లో శుభాంశు శుక్లా వెళ్లొచ్చిన అంతరిక్ష కేంద్రం సుమారు 400 కి.మీ. ఎత్తులో తిరుగుతోంది. నేల మీదున్న గురుత్వంలో దాదాపు 88 శాతం అక్కడా ఉంది. మరి తేలడమేమిటి? ఇది నోటితో చెప్పకండి, చేసి చూపించండి.

రాకెట్‌కు పనికిరాని ఆ మంచినీళ్ల బాటిల్ తీయండి. అడుగుకు రెండు వేళ్ల పైన, వేడిచేసిన మేకుతో ఒక బెజ్జం పెట్టండి. దాన్ని వేలితో మూసి నీళ్లు నింపండి, పైమూత మాత్రం పెట్టకండి. వేలు తీస్తే ధార కడుతుంది. ఇప్పుడు కుర్చీ ఎక్కి, కింద టబ్బు పెట్టించి, బాటిల్‌ను ఊరికే వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది! నీళ్లూ బాటిలూ ఒకే వేగంతో పడుతున్నాయి కాబట్టి నీళ్లను బయటికి నెట్టే ఒత్తిడి ఉండదు. గురుత్వం ఎక్కడికీ పోలేదు, బాటిల్‌ను కిందికి లాగుతున్నదే అది. నిటారుగా పైకి విసిరి చూడండి, చెయ్యి వదిలాక పైకి పోతున్నప్పుడు కూడా ధార రాదు. అంతా అర సెకను పని కాబట్టి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించండి. జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అడిగితే సగం పాఠం పిల్లలే చెప్పేస్తారు.

అంతరిక్ష కేంద్రమూ అలాగే పడుతోంది, సెకనుకు సుమారు 4.3 మీటర్లు. కానీ ఆ సెకనులోనే 7.7 కి.మీ. ముందుకు పోతుంది. అంత దూరానికి భూమి ఒంపూ అంతే దిగుతుంది. అందుకే నేల దానికి ఎప్పటికీ దొరకదు.

నేనైతే ప్రొజెక్టర్ జోలికి పోను. కరెంటు పోతే స్లైడ్లతో పాటు మనమూ ఆగిపోతాం.

చందమామ దూరం ఒక్క ముక్కలో: బాస్కెట్‌బాల్ భూమి, టెన్నిస్ బంతి చందమామ. ఎంత దూరంలో నిలబడాలో ముందు పిల్లల్నే తేల్చుకోమనండి. తర్వాత టేపుతో ఏడు మీటర్లకు కాస్త పైన కొలిచి చూపించండి.

అభ్యాసం: నేల మీద వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి కేంద్రం నుంచి చందమామ దూరం 60 భూవ్యాసార్ధాలు, రాయి దూరం ఒక్కటే. దూరం రెండింతలైతే గురుత్వం నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు, అంటే దూరం వర్గంతో తగ్గుతుంది. చందమామ సెకనుకు ఎంత పడుతోందో కాలిక్యులేటర్ లేకుండా కట్టండి. జవాబు మిల్లీమీటర్లలో రావాలి. సెంటీమీటర్లలో వస్తే 60ని వర్గం చేయడం మరిచారన్నమాట.