పేగువాపు వ్యాధి ఉన్నవారు ఆహారాన్ని తమకు తగినట్లు సవరించుకోవడం ఎలా?

పేగువాపు వ్యాధిలోని రెండు ముఖ్య రకాలైన క్రోన్స్ వ్యాధి గానీ అల్సరేటివ్ కొలైటిస్ గానీ ఉన్నవారు ఆహారం మార్చుకునే ముందు గుర్తించవలసింది ఒకటుంది: బాధ తగ్గడం వేరు, పేగులోని వాపు తగ్గడం వేరు. ఏదో ఒక పదార్థం మానగానే ఉబ్బరం తగ్గినంత మాత్రాన లోపలి పుండ్లు మానినట్లు కాదు. ఆ సంగతి మలంలో, పేగు వాపును సూచించే ప్రోటీన్ అయిన కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, రక్తపరీక్షలు, అవసరమైతే కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తేల్చాలి. కనుక తిండి ఎంత బాగా కుదిరినా మందులను సొంతంగా ఆపకూడదు.

మొదటి రెండు మూడు వారాలు ఏమీ మార్చకుండా, తిన్నది, ఎంత తిన్నది, ఎలా వండినది, ఆ తరువాత ఎన్నిసార్లు విరేచనమైంది, నొప్పి, రక్తం ఉన్నాయా అన్నవి రోజూ రాసుకోండి. నిద్ర చాలని రోజులనూ, మందు మరచిన రోజులనూ కూడా రాయాలి. లేకపోతే వాటి తప్పు తిండి మీద పడుతుంది. అనుమానం కలిగిన పదార్థాన్ని ఒక్కదానినే రెండు మూడు వారాలు మాని, మళ్లీ కొద్దిగా తిని చూడాలి. రెండుసార్లు అదే ఫలితం వస్తేనే దానిని దోషిగా లెక్కించడం న్యాయం. ఒకేసారి అయిదారు మానేస్తే, ఏది పడలేదో ఎన్నటికీ తెలియదు. ఈ పరీక్షలను వ్యాధి అదుపులో ఉన్నప్పుడు చేయడం మేలు.

పాలు చాలామంది మొదట అనుమానించే పదార్థం. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగనివారికి పాలు పడకపోయినా పెరుగు పడవచ్చు. పూర్తిగా మానవలసి వస్తే, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడేవారు, కాల్షియం, విటమిన్ డి సంగతి వైద్యునితో మాట్లాడాలి. కాఫీ, మద్యం, నూనెలో బాగా వేయించినవి, చక్కెరకు బదులు వాడే సార్బిటాల్ వంటి తీపి పదార్థాలు కూడా పరీక్షించదగినవే.

పీచు విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వ్యాధి తిరగబెట్టినప్పుడు పచ్చి కూరలు, తొక్కలు, గింజలు తగ్గించి, తొక్క తీసి మెత్తగా ఉడికించినవి తినడం పేగుకు సుఖంగా ఉంటుంది. క్రోన్స్ వల్ల పేగు ఇరుకైనవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే నారలాంటి పీచు అక్కడ అడ్డుపడవచ్చు. కడుపు ఉబ్బి, వాంతులై, మలమూ గాలీ పోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇరుకు లేనివారు మాత్రం వ్యాధి సద్దుమణిగాక పీచును కొద్దికొద్దిగా తిరిగి చేర్చుకోవాలి. భయంతో ఏళ్ల తరబడి దానిని దూరం పెట్టడానికి కారణం కనిపించదు.

వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల ప్రోటీన్ సూచిస్తారు. చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నవారు లేదా తీసివేయించుకున్నవారు విటమిన్ బి12 పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఇనుము లోపం కూడా తరచుగా కనిపిస్తుంది. వాపు తగ్గినా ఉబ్బరం వదలనివారికి, పేగులో పులిసి గాలి పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలను తగ్గించే లో ఫాడ్‌మ్యాప్ ఆహారం ఉపయోగపడవచ్చు గానీ, అది డైటీషియన్ పర్యవేక్షణలో కొన్ని వారాలు మాత్రమే పాటించి, మానినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చవలసినది. క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుండి ఎనిమిది వారాలు ద్రవ పోషకాహారం మాత్రమే ఇచ్చే చికిత్స ఉంది. దానిని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టరాదు.

వారానికొకసారి బరువు చూసుకోండి. అది తగ్గుతూ పోతుంటే ఇంకేమీ మానకుండా, అప్పటివరకు మానినవాటి జాబితాతో వైద్యుని, డైటీషియన్‌ను కలవండి.