సింథ్‌కి యూఎస్‌బీ పెట్టగానే కీచుమంటోందా?

సింథ్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం) ఆడియో కేబుల్ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకీ (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టె), దాని యూఎస్‌బీ కేబుల్ ల్యాప్‌టాప్‌లోకీ వెళ్తున్నప్పుడు సన్నటి కీచుశబ్దం వస్తూ, మౌస్ కదిపితే అది మారుతోందంటే సింథ్ చెడిపోయిందని కంగారుపడకండి. చాలావరకు అది గ్రౌండ్ లూప్. యూఎస్‌బీ గ్రౌండ్, ఆడియో కేబుల్ షీల్డ్ కలిసి ఒక చుట్టులా ఏర్పడతాయి, ల్యాప్‌టాప్ లోపలి రొద అందులోంచి ఆడియోలోకి దూరుతుంది.

ముందు సింథ్ యూఎస్‌బీ ఒక్కటే పీకి చూడండి. శబ్దం ఆగితే కారణం తేలినట్టే. సింథ్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ గుండ్రటి 5 పిన్నుల మిడి పోర్టులుంటే (ఏ స్వరం వాయించాలో చెప్పే సంకేతాలు వెళ్లే పోర్టులు) యూఎస్‌బీ మానేసి వాటితో కలపండి. మిడి ఇన్‌లో ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం ఉంటుంది, సంకేతం వెలుగు రూపంలో దాటుతుంది కాబట్టి ఆ దారిన గ్రౌండ్ కలవదు. ఇంత చవకైన మందు మరోటి లేదు!

యూఎస్‌బీ తప్పనిసరైతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపోయేలా మార్చే, కరెంటు అక్కర్లేని పెట్టె) కొనండి. సింథ్ అవుట్ దానిలోకి, అక్కడినుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో (మూడు పిన్నుల మైక్ కేబుల్) ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చి, బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (గ్రౌండ్‌ని విడదీసేది) నొక్కండి. దీనికి మైక్ ఇన్‌పుట్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అక్కర్లేదు. స్టీరియో సింథ్‌కి రెండు చానళ్ల బాక్స్ కావాలి. సిగ్నల్ తగ్గుతుంది, ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ (ఇన్‌పుట్ స్థాయి) కాస్త పెంచుకోండి.

ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.