కథ రాద్దాం – మూడో పాఠం: సరుకు పోగేయడం

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ వీధిలో ఏదో ఒక కిరాణా కొట్టు గురించి ఒక పేజీ రాయమన్నాను. ఎక్కువమంది ఎక్కడ ఆగిపోయి ఉంటారో చెప్పడం కష్టమేమీ కాదు. మొదటి నాలుగైదు వాక్యాలు గడగడా వచ్చేస్తాయి. కొట్టు పాతది, యజమాని నిదానస్తుడు, పిల్లలు చాక్లెట్లకి వస్తారు, సాయంత్రం రద్దీగా ఉంటుంది. ఆ తర్వాత కలం మొరాయిస్తుంది. "నాకు ఊహాశక్తి లేదండీ" అని అక్కడే తీర్పు రాసేసుకుంటారు.

ఊహాశక్తి సంగతి తర్వాత చూద్దాం. ఆ కొట్లో అప్పుల పుస్తకం ఎక్కడ పెడతారు? అందులో రాసేవి అసలు పేర్లేనా, లేక "మేడమీద టీచరమ్మ", "ఆటో రాజు" లాంటి గుర్తులా? బాకీ పెరిగిపోయినవాడు కొట్టు ముందునుంచే నడుస్తాడా, వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్తాడా? ఈ మూడింటికీ జవాబు తెలిసినవాడికి ఒక పేజీ చాలదు. తెలియనివాడు తెల్లవార్లూ కూచున్నా రెండో పేరా రాదు. ప్రేరణ రాలేదని మనం వాపోయే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదేనని నా అభిప్రాయం: చేతిలో సరుకు లేదు. అందుకని ఈ పాఠం అంతా సరుకు గురించే.

ఒక జాబితా, ఒక నాటకం

దీనికి మన దగ్గరే మంచి దాఖలా ఉంది. "కన్యాశుల్కం" మొదటి కూర్పుకి గురజాడ అప్పారావు ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. నాటకం చదివినవాళ్లు కూడా చాలామంది దాన్ని దాటేసి నేరుగా గిరీశం దగ్గరికి వెళ్లిపోతారు. ఈసారి ఆగి చదవండి. విజయనగరం మహారాజా ఉత్తర్వు మీద విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారైందట. మూడేళ్లలో లెక్కకి అందినవి 1,034, అంటే ఏడాదికి సగటున 344. అందులో పిల్లకి అయిదేళ్లప్పుడు జరిగినవి 99, నాలుగేళ్లప్పుడు 44, మూడేళ్లప్పుడు 36, రెండేళ్లప్పుడు 6, ఏడాది వయసులో జరిగినవి 3. ఆ ఏడాది పిల్లలకి పలికిన ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. ఇంకా కడుపులో ఉన్న బిడ్డలకి కూడా బేరాలు కుదురుతుంటాయని ఆయన రాశారు.

అంకెలు చదువుతుంటేనే కడుపులో దేవినట్టు అవుతుంది. అయినా ఆ జాబితాని ఎత్తి రంగస్థలం మీద పెడితే ఉపన్యాసం అవుతుందే తప్ప నాటకం కాదు. మరి నాటకంలో ఏముంది? ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్ల సుబ్బినిచ్చి చేసేందుకు అగ్నిహోత్రావధాన్లు బేరం కుదుర్చుకున్నాడు. ఆ పెళ్లి తప్పించాలని పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి, నా కూతురని చెప్పి, ఆ లుబ్ధావధాన్లుకే అమ్మాడు. జాబితాలో ఉన్న పిల్ల, ధర, బేరం, పుస్తె అన్నీ నాటకంలోకి వచ్చాయి. జాబితాలో లేని ఒకే ఒక్క ప్రశ్న తోడైంది: అమ్ముడుపోయింది ఆడపిల్ల కాకపోతే?

గురజాడ ఆలోచన సరిగ్గా ఇదే వరసలో నడిచిందని నేననను. ఆయన బుర్రలోకి తొంగిచూసినవాళ్లెవరూ లేరు. కానీ నేర్చుకునేవాళ్లకి ఈ వరస పనికొస్తుంది. ముందు నిజం పోగవ్వాలి. ఆ నిజాన్ని ఒక కొంటె ప్రశ్న పట్టుకుని కుదపాలి.

ఇంకో సంగతి కూడా గమనించండి. నాటకం మొదట విజయనగరంలో ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. బాగా తిరగరాసిన రెండో కూర్పు వచ్చింది 1909లో. అయిదంకాలు ఏడంకాలయ్యాయి, మొదటి కూర్పులో అంతగా కనపడని వేశ్య మధురవాణి రెండోదానిలో నాటకాన్నే చేతిలోకి తీసుకుంది. మధ్యలో పదిహేడేళ్లు గడిచాయి. ఒక్క రాత్రిలో మెరుపులా తట్టేసిందని చెప్పుకునే కథలు వింటుంటే నాకు ఈ మూడు సంవత్సరాలే గుర్తొస్తాయి.

చెవులతో

సరుకు దొరికే మొదటి చోటు నలుగురూ ఎదురుచూస్తూ కూచునే చోటు. పల్లెవెలుగు బస్సు, రేషన్ షాపు వరస, ఆసుపత్రిలో టోకెన్ పిలిచే హాలు, మీసేవ కేంద్రం. పని జరుగుతున్నప్పుడు మనుషులు పని మాటలే మాట్లాడతారు. ఎదురుచూసేటప్పుడే ఇంటి సంగతులు బయటికొస్తాయి.

రాసుకునేటప్పుడు ఒక్కటే నియమం. అన్న మాట రాయండి, దాని తాత్పర్యం రాయొద్దు. "ఒకావిడ కొడుకు గురించి బాధపడుతోంది" అని రాసుకుంటే నెల తర్వాత ఆ వాక్యం ఎందుకూ కొరగాదు. ఆవిడ నిజంగా అన్నది ఇలా ఉండొచ్చు: "దసరాకి రావద్దులేరా అన్నాను. సరే రాను అన్నాడు. అంత తొందరగా అంటాడనుకోలేదు." ఇందులో బాధ అనే మాటే లేదు. ఈ మూడు ముక్కలూ పుస్తకంలో పడితే చాలు, ఎప్పటికైనా పనికొస్తాయి. దీన్ని పక్కన పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ కావాలి.

విన్న యాసని దిద్దకండి. వచ్చిండు అంటే వచ్చిండు, వచ్చీసినాడు అంటే వచ్చీసినాడు. బడిలో నేర్పిన భాషలోకి మార్చారంటే మనిషి పోయి సమాచారం మిగులుతుంది. కథ రాసేటప్పుడు ఎంత యాస ఉంచాలన్నది వేరే సంగతి, దానికి వేరే పాఠం ఉంది.

ఫోన్‌లో చాటుగా రికార్డు చేయడం మాత్రం వద్దు. అది మర్యాద కాదు, పైగా అవసరమూ లేదు. బస్సు దిగాక గుర్తున్నంత రాసుకోండి. గుర్తుండిపోయిన మాటే మీది. ఎదురుగా కూచుని పుస్తకం తీసి రాస్తుంటే ఎవరైనా నోరు మూసుకుంటారు, నేనైనా అంతే.

కాగితాల్లో

దినపత్రిక జిల్లా పేజీల్లో వార్తల కంటే చిన్న ప్రకటనలు చదవమంటాను. పేరు మార్చుకున్నవాళ్లు, సర్టిఫికెట్లు పోగొట్టుకున్నవాళ్లు, ప్రథమ వర్ధంతికి ఫొటో వేయించినవాళ్లు, స్థలం తగాదా మీద లాయరుచేత పబ్లిక్ నోటీసు ఇప్పించినవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. అప్పుడప్పుడూ ఈ ధోరణిలో ఒకటి కనపడుతుంది (ఇది నేను కల్పించిన నమూనా): "నా కుమారుడు నా మాట వినక వేరుగా నివసించుచున్నాడు. అతనితో ఎవరు లావాదేవీలు జరిపినను నాకు ఎట్టి సంబంధము లేదు." ఎవరు రాసిపెట్టారు ఆ వాక్యాలు? లైనుకి ఇంత అని డబ్బు కడుతున్నప్పుడు ఏ మాట కొట్టేశాడు ఆ తండ్రి? "నా కుమారుడు" అన్న మాట ఎందుకు ఉంచాడు? పెళ్లి శుభలేఖల్లోనూ అంతే, అచ్చులో ఎవరి పేరు ఎవరి తర్వాత వచ్చిందన్న విషయం మీద అలిగిన బాబాయిలు మనందరిళ్లలోనూ ఉన్నారు.

పాత పత్రికలు కూడా తిరగెయ్యండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన కథానిలయంలో తెలుగు కథలూ అవి అచ్చైన పత్రికలూ భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ చాలా వరకు దొరుకుతాయి. అక్కడికి కథ కోసం వెళ్లినా, దాని పక్కన అచ్చైన టానిక్కు ప్రకటన కూడా చూడండి. ఆ కాలం దేనికి భయపడేదో అందులో తెలుస్తుంది.

చేతిపనుల్లో

కొత్తగా రాసేవాళ్ల కథల్లో పాత్రలు ప్రేమిస్తాయి, ఏడుస్తాయి, టీ తాగుతాయి. పని మాత్రం చేయవు. చేసినా "ఆఫీసుకి వెళ్లాడు", "పొలం పనులు చూసుకున్నాడు" అంతటితో సరి. నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తుంది. అది తీరాలంటే ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో ప్రాంతంలో వాడే మాటల నిఘంటువు ఒకటి ఉంది, తిరగెయ్యండి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రూపొందించిన ఆ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. చేనేత మీద రెండోది 1971లో వచ్చింది. నిఘంటువు కదా అని భయపడకండి, ఏ పేజీ తెరిచినా ఎవరో పని చేస్తూ కనపడతారు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. చిటికి చీర, అంటే దారానికే ముడులు కట్టి రంగులద్ది నేసే చీర, నేసే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ చేత్తో దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి, ఒక్కో చీరకి వేలసార్లు. తరతరాలుగా ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లికి ఆ పనితో భుజం పట్టేసేది. ఆయన ఏళ్లతరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ రాయమని కాదు. ఆసు అంటే ఏమిటో తెలియనివాడు ఆ ఊళ్లో పదిరోజులు ఉన్నా ఆ భుజం నొప్పి చూడలేడు. చూస్తే "వయసు మీద పడింది" అని రాసుకుని వచ్చేస్తాడు.

మీకు తెలిసిన పని ఏదో మీకూ ఉంటుంది. కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టా, మెడికల్ షాపులో స్టాకు లెక్కా, డాలస్‌లో కోడ్ పరీక్షించడమా, ఏదైనా సరే. అందులో పనివాళ్లు మాత్రమే వాడే మాటలు, పనివాళ్లు మాత్రమే చేసే చిన్న మోసాలు రాసిపెట్టుకోండి. చిన్న మోసాలు మరీ ముఖ్యం.

రెండు కలిపితే

ఇంతా పోగేశాక కూడా కథ రాకపోవచ్చు. పాలు ఎన్ని ఉన్నా తోడు పడకపోతే పెరుగవదు కదా. ఒక సంగతి పక్కన దానికి సంబంధం లేని ఇంకో సంగతి పెట్టి చూడాలి.

ఇందాకటి దసరా తల్లి మాటలు ఉన్నాయి, తండ్రి పత్రికా ప్రకటన ఉంది. ఈ ఇద్దరూ మొగుడూ పెళ్లాలే అనుకుందాం. తండ్రి ఆవిడకి చెప్పకుండా ప్రకటన వేయించాడు. ఆవిడకి పొరుగింటివాళ్లు చూపించారు. కొడుకు పండక్కి ఊరొస్తే నలుగురూ వాడి మొహం మీదే అంటారని, వాడికి తెలియకూడదని, ఏదో వంక పెట్టి రావద్దంది. వాడు వెంటనే సరేనన్నాడు. ఎందుకంత తొందరగా అన్నాడు? అప్పటికే ఫోన్‌లో ఎవరో ఆ ప్రకటన ఫొటో పంపించారు కాబట్టి. తల్లికి తెలియకూడదని వాడూ దాచాడు.

చూశారా, ఇద్దరూ ఒకరినుంచి ఒకరు దాచుకుంటున్నది ఒకటే. ఇది కథ అవుతుంది. ప్రశ్న మారిస్తే కథ మారుతుంది: ఆ ప్రకటన కంపోజ్ చేసిన డీటీపీ కుర్రాడు ఆ కొడుకు స్నేహితుడైతే? అప్పుడు కథ ఆ కుర్రాడి కుర్చీలోంచి చెప్పాలి.

ఒకేలాంటి రెండింటిని కలిపితే మాత్రం లాభం లేదు. ఏడుపు పక్కన ఏడుపు పెడితే రెట్టింపు ఏడుపు వస్తుంది, కథ రాదు. బరువైనదాని పక్కన తేలికైనది, ఇంటిదాని పక్కన ఆఫీసుది, పాతదాని పక్కన నిన్నటిది పెట్టండి. పది జతల్లో తొమ్మిది చచ్చుగా ఉంటాయి, అది మామూలే.

విన్నది నిజం మనుషుల బతుకు కాబట్టి ఒక జాగ్రత్త. ఊరు మార్చండి, వృత్తి మార్చండి, కొడుకుని కూతురు చేయండి. అసలు మనిషి చదివితే తన్ను తాను పోల్చుకునే వివరం ఉంటే, అది కథకి నిజంగా కావాలా అని రెండుసార్లు ఆలోచించండి. చాలాసార్లు అక్కర్లేదు.

ఇక తెల్లవారుజామున రాయాలా, రాత్రి రాయాలా, కలంతోనా ఫోన్‌తోనా అన్న ప్రశ్నలకి నా దగ్గర ప్రత్యేకమైన జవాబు లేదు. మీ ఇంట్లో మీకు ఎప్పుడు కుర్చీ ఖాళీ దొరికితే అప్పుడు. రాయాలనుకున్న కథని ముందే అందరికీ చెప్పేయడం మీద మాత్రం నాకు అనుమానం ఉంది. చెప్పి చెప్పి పదునుపెట్టుకునేవాళ్లున్నారు గానీ, ఎక్కువమందికి చెప్పగానే దురద తీరిపోతుంది. మీరు ఏ రకమో ఒకసారి పరీక్షించుకుని తెలుసుకోండి.

ఈ పాఠానికి పని

వచ్చే పదిహేను రోజులూ కథ రాయొద్దు. చిన్న పుస్తకం ఒకటి పెట్టుకుని రోజుకి రెండు నమోదులు చేయండి: ఒకటి విన్నమాట, ఉన్నదున్నట్టు. రెండోది కాగితంలోదో పనిలోదో. వ్యాఖ్యానం రాయకండి, తేదీ వేయండి, చాలు. పదిహేనో రోజున మొత్తం ఒకసారి చదివి, మీకు ఇంకా గుచ్చుకుంటున్న అయిదింటికి గుర్తు పెట్టండి. వాటిని ఒకదానితో ఒకటి జతచేస్తే పది జతలొస్తాయి. ఒక్కో జతకీ "అయితే?" అని ముగిసే ప్రశ్న ఒకటి రాయండి. బాగుందో లేదో చూడకుండా పదీ రాయాలి. ఏడో ఎనిమిదో దగ్గర విసుగొస్తుంది, ఆపకండి.

కొట్టు మీద రాసిన పాత పేజీ పారేయకండి. నాలుగో పాఠంలో ఎవరి కళ్లతో కథ చెప్పాలన్నది చూస్తాం. అప్పుడు ఆ కొట్టునే మూడుసార్లు తిరగరాయాలి: యజమాని వైపునుంచి ఒకసారి, బాకీ ఉన్నవాడి వైపునుంచి ఒకసారి, చాక్లెట్ కోసం నిలబడి ఇద్దరి మాటలూ వింటున్న పిల్ల వైపునుంచి ఒకసారి.