అసమీకరణం సాధించే ముందు చూసుకోవాల్సినవి

☐ గుర్తును సరిగ్గా దించుకున్నారా? < వేరు, ≤ వేరు. సంఖ్యారేఖ మీద మొదటిదానికి ఖాళీ చుక్క, రెండోదానికి నింపిన చుక్క.

☐ అసలు గండమంతా రుణ సంఖ్యతోనే. −2ఎక్స్ < 6 ఉందనుకోండి. రెండు వైపులా −2తో భాగిస్తే గుర్తు తిరగబడాలి: ఎక్స్ > −3. ఎందుకంటారా? 2 కంటే 5 పెద్దది, కానీ −2 కంటే −5 చిన్నది కదా. అలాగని మైనస్ కనపడగానే టెన్షన్ పడి తిప్పేయకండి (చాలామంది చేసే పొరపాటు ఇదే). 2ఎక్స్ < −6లో భాగించేది 2, కాబట్టి గుర్తు అలాగే ఉంటుంది: ఎక్స్ < −3.

☐ కూడినా, తీసేసినా గుర్తు మారదు.

☐ సరిచూడటానికి ఒక సంఖ్య. మొదటి లెక్కలో ఎక్స్ బదులు 0 పెడితే 0 < 6, నిజమే. జవాబులోనూ 0 > −3.