ఫిజీలోని ఈ-6 సముద్రగర్భ పర్వతం మీద స్కూబా డైవింగ్ ఎలా చేయాలి?

ఫిజీలో రెండు పెద్ద దీవులైన వీతి లెవు, వనువా లెవుల మధ్య సముద్రాన్ని బ్లై వాటర్ అంటారు. 1789లో బౌంటీ ఓడలో తిరుగుబాటు జరిగాక, కెప్టెన్ బ్లై చిన్న పడవలో ఈ దారినే తప్పించుకుపోయాడు. అక్కడ దాదాపు వెయ్యి మీటర్ల లోతు నుంచి నిటారుగా లేచి, నీటి మట్టానికి కొద్ది మీటర్ల కింద ఆగిపోయిన కొండ ఉంది. డైవర్లు దాన్ని ఈ-6 అంటారు.

ఈ కొండ అందమంతా ప్రవాహం పెట్టిన భిక్ష. గోడల నిండా ఉండే ఎరుపు, ఊదా, నారింజ రంగుల మెత్తని పగడాల్లో చాలావాటికి ఎండతో ఆహారం తయారుచేసిపెట్టే నాచు ఒంట్లో ఉండదు. నీరు మోసుకొచ్చే సూక్ష్మజీవులే వాటి తిండి. ప్రవాహం ఉంటే ఒంట్లోకి నీరు నింపుకుని విచ్చుకుంటాయి. ఆగిందంటే గాలి తీసిన బెలూన్లలా వేలాడతాయి. కాబట్టి ప్రవాహాన్ని తప్పించుకోవడం కాదు, దానితో కలిసి వెళ్లడం నేర్చుకోవాలి.

1. అర్హత సంపాదించండి

డైవింగ్‌లో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల వరకే దిగొచ్చు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30 మీటర్లు. ఇక్కడికి వచ్చే ముందు అడ్వాన్స్‌డ్ చేసి, ప్రవాహం ఉన్నచోట కొన్ని డైవ్‌లు చేసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. మనవాళ్లకు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) మంచి బడి. ఎంత లోతుకు దిగారన్నది కాదు, నీటిలో ఒకేచోట నిలకడగా తేలగలగడం ముఖ్యం. కింద కాలు మోపే నేల లేదు, పక్కన పట్టుకోవడానికి ఉన్నవన్నీ ప్రాణమున్న పగడాలే.

2. సమయం, పడవ చూసుకోండి

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీని అతలాకుతలం చేసింది. జులై నుంచి సెప్టెంబర్ వరకు నీళ్లు కాస్త చల్లగా ఉన్నా తేటగా ఉంటాయి, 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ తీసుకోండి. విమానం వీతి లెవులోని నాండి (Nadi) పట్టణంలో దిగుతుంది. చెరకు తోటల పనికి 1903 నుంచి మద్రాసు మీదుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. ఈ కొండ దగ్గరికి హాయిగా వెళ్లాలంటే, రాత్రిళ్లు కూడా పడవలోనే ఉండే లివ్‌అబోర్డ్ యాత్ర మేలు.

3. దిగే ముందు

డైవ్ గురించి గైడ్ ముందుగా చెప్పే వివరాలు (బ్రీఫింగ్) శ్రద్ధగా వినండి. ప్రవాహం ఎటునుంచి వస్తోంది, ఎక్కడ చీలుతోంది, పడవ ఎక్కడ ఎక్కించుకుంటుంది అని అడగండి. టార్చ్, మీరున్న చోటు పడవకు తెలిసేలా నీటిపైకి వదిలే సిగ్నల్ బెలూన్, విజిల్ తప్పనిసరి. నీటిలో మొదట మాయమయ్యేది ఎరుపే. టార్చ్ వేయకపోతే ఆ పగడాలు నీలి బూడిద రంగులోనే కనబడతాయి.

4. కొండ మీద

ముందుగా ఎంత లోతుకు వెళ్లాలనుకున్నారో అంతకు దిగి, అక్కడి నుంచి కొండ చుట్టూ తిరుగుతూ మెల్లగా పైకి రండి. ప్రవాహం కొండకు తగిలే వైపు బారకుడా చేపల గుంపులుంటాయి. అక్కడ కొద్దిసేపు ఉండి, ఎదురీదకుండా చాటు వైపుకు జారిపోండి. నారింజ రంగు ఆంథియాస్ చేపల గుంపుల మధ్య అక్కడ తీరిగ్గా చూసుకోవచ్చు. కొండలో కెథడ్రల్ అని పిలిచే పెద్ద పగులుంది. పైనుంచి వెలుగు పడే ఆ చోట కాళ్లకు తొడిగిన ఫిన్స్ నెమ్మదిగా ఆడించండి.

లోతు, సమయం చూపించే డైవ్ కంప్యూటర్‌ను తరచూ చూడండి. కింద అంతా నీలమే కాబట్టి లోతు తెలియకుండానే జారిపోతారు. ప్రవాహం మిమ్మల్ని కిందికి లాగుతుంటే నిలువుగా పైకి పోరాడకండి. గోడకు దూరంగా, పక్కకు ఈదండి. బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) కొంచెం గాలి నింపుకోవచ్చు, కానీ ఆ లాగుడు వదలగానే దాన్ని బయటికి వదిలేయాలి.

5. పైకి రావడం

సిలిండర్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) మిగిలేలా లెక్క వేసుకుని వెనుదిరగండి. 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగండి, దీన్నే సేఫ్టీ స్టాప్ అంటారు. కొండ శిఖరం అక్కడికి దగ్గర్లోనే కాబట్టి ఆ మూడు నిమిషాలూ పగడాలు చూస్తూనే గడపొచ్చు. కొండకు దూరమైతే కంగారుపడకుండా సిగ్నల్ బెలూన్ పైకి వదిలి బడ్డీ (జత డైవర్) పక్కనే ఉండండి.

చివరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. వరసగా రోజుల తరబడి డైవ్ చేసి ఉంటే 24 గంటలు ఉంచుకోండి, టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ లెక్క చూసుకోండి.