స్ట్రాబెర్రీ మాడుతోందా? మల్బరీ కాయట్లేదా? శ్రీకాకుళం పెరళ్లకు సమస్య - పరిష్కారం

మన వైపు కుండీల్లో బెర్రీలు పాడైతే ముందు పురుగుమందు కొంటారు. తెగులు కన్నా ముందు నీళ్లు, తర్వాత నాటిన నెల చూసుకోండి.

స్ట్రాబెర్రీ ఆకుల అంచులు ఎండుతున్నాయి

నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తే ఇంకా మాడుతుంది. ఒక ఆకు పట్టుకుని చూడండి. నడుమ పచ్చగానే ఉండి, చుట్టూ అంచు మాత్రం కాలిన కాగితంలా పెళుసుగా విరుగుతుంటే అది ఉప్పు పని. మట్టికుండీ బయట తెల్లటి పొర కట్టిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. స్ట్రాబెర్రీ ఉప్పును అస్సలు ఓర్చుకోదు.

ఉప్పు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, తీరం దగ్గరి బోరు నీళ్లు. రెండోది చాలామంది పట్టించుకోరు: కొబ్బరి పొట్టు. ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు కాబట్టి పచ్చి పొట్టు తెచ్చి నేరుగా కలిపేస్తారు. అందులోనూ ఉప్పు ఉంటుంది. రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నీళ్లు మార్చండి. మొదటి నీళ్లు డికాక్షన్ రంగులో దిగుతాయి. కనీసం మూడుసార్లు కడిగాకే వాడండి.

ఇప్పటికే మాడుతున్న మొక్కకు: 10 అంగుళాల కుండీకి 20 లీటర్ల వాననీళ్లు లేదా మంచినీళ్లు నాలుగైదు విడతలుగా పోసి, అడుగు కన్నాల నుంచి పూర్తిగా దిగిపోనివ్వండి. రెండు వారాలు ఏ ఎరువూ వద్దు. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు శుభ్రంగా వస్తే గండం గడిచినట్టే.

పొయ్యి బూడిద కూడా ఈ మొక్కకు వేయొద్దు. మట్టిలో క్షారం పెరిగి లేత ఆకులు పసుపెక్కుతాయి.

మొక్క నడిమొగ్గ కుళ్లింది

లోతుగా నాటారు. నడిమొగ్గ మట్టి మట్టానికి పైనే ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన గెత్తం ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి మళ్లీ నాటండి. పచ్చి గెత్తం వేరును కాల్చేస్తుంది.

పండు వంకరగా, గిడసబారి ఉంది

పండు మీద గింజ కట్టిన చోటే కండ ఊరుతుంది. తేనెటీగలు రాని వరండాలో కొన్ని గింజలు కట్టవు. పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో ప్రతి పువ్వు నడుమ గుండ్రంగా తిప్పండి.

మార్చి నుంచి పూత లేదు, తీగలే

ఇది మీ తప్పు కాదు. స్ట్రాబెర్రీ పూతకు చలి కావాలి, లంబసింగి కొండల్లో ఉండే చలి మన తీరంలో లేదు. తుపానుల కాలం కాబట్టి అక్టోబరులో నాటినా, నవంబరులో నాటినా కుండీలను చూరు కిందికి జరుపుకునేలా పెట్టుకోండి. ఫిబ్రవరి దాకా తినండి. వేసవిలో దాన్ని బతికించాలని పాకులాడకండి, ఏటా కొత్త నారు తెచ్చుకోవడమే మేలు.

మల్బరీ ఏపుగా ఉంది, కాయ లేదు

యూరియా ఎక్కువైంది, లేదా కత్తిరింపు లేదు. మల్బరీ కొత్త చిగురు మీదే కాస్తుంది. కాపు అయ్యాక ప్రతి కొమ్మనూ మూడో వంతు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. చిగురుతో పాటే పిందెలు కనిపిస్తాయి. ఎండ రోజుకు ఆరు గంటలు తగ్గకూడదు.

చిగురు ముడుచుకుని, ముదురు పచ్చగా మందమైతే విప్పి చూడండి. తెల్లటి దూది కింద గులాబిరంగు పిండినల్లి ఉంటుంది. ఆ కొసను తుంచి కాల్చేయండి, పారేస్తే పక్క మొక్కకు పాకుతుంది. మిగతా చెట్టుకు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి, మూడు వారాలు. పండ్లు ఉన్నప్పుడు వద్దు.

బ్లూబెర్రీ ఆకులు పసుపెక్కుతున్నాయి

దానికి పీహెచ్ 4.5 - 5.5 ఉండే పుల్లమట్టి కావాలి. మన బోరు నీళ్లు పోసే కొద్దీ ఆ పులుపు పోతుంది. ఇంకా కొనకపోతే కొనకండి. ఆ కుండీలో పెన్సిల్ మందం మల్బరీ కొమ్మ, మూడు కణుపులున్నది, తొలకరిలో గుచ్చండి.