ఆలివ్ చెట్టుకు నల్లి పట్టిందా? మందు కొట్టే ముందు ఇవి చూడండి

ఆలివ్ లేత ఆకులు కొడవలిలా వంకర తిరిగితే, పూతగుత్తులు రంగు మారి రాలుతుంటే టెన్షన్ పడి వెంటనే మందు కొట్టకండి. ముందు 10 నుంచి 20 రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి సంపాదించండి. ఆలివ్‌ను పట్టే నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఇంగ్లిష్‌లో మైట్ అంటారు) పొడవు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లే, ఉత్త కంటికి ఆనదు.

వసంతం మొదట్లో మొగ్గలు విచ్చుకునేటప్పుడు వెతకడం మొదలుపెట్టండి. తోటలో అక్కడక్కడా కొన్ని చెట్లు ఎంచుకుని, ఒక్కో చెట్టుకు నాలుగు వైపుల నుంచీ లేత కొమ్మల చివర్లు తుంచండి. చిగురు లోపల, ఆకు అడుగున, పూతగుత్తి కాడల మీద నిదానంగా చూడండి. లేత పసుపు రంగులో, తలవైపు వెడల్పుగా, వెనకవైపు సన్నగా, నెమ్మదిగా కదిలేదే ఈ నల్లి. దీనికి నాలుగే కాళ్లు. ఇది గూడు అల్లదు కాబట్టి ఆకుల మీద సన్నటి దారాలు కనిపిస్తే మీ చెట్టుకు పట్టింది వేరే పురుగు.

ఎంత వెతికినా నల్లి కనిపించకపోతే మందు జోలికి వెళ్లొద్దు. తామర పురుగులు (త్రిప్స్) పట్టినా ఆకులు వంకర పోతాయి. ఆకు మొదలు పచ్చగానే ఉండి కొసలు మాత్రం పసుపెక్కి మాడితే, కాయలు వికారంగా తయారైతే బోరాన్ లోపాన్ని అనుమానించాలి. ఆ లోపానికి నల్లి మందు కొట్టి ప్రయోజనం లేదు.

నల్లి కనిపించినంత మాత్రాన కూడా పిచికారీ తప్పనిసరి కాదు. బాగా ఎదిగిన చెట్టు కొద్దిపాటి నల్లిని తట్టుకుంటుంది. దాన్ని తినే మేలుచేసే నల్లులూ ఆ చెట్టు మీదే ఉంటాయి. కనిపించిన పురుగునల్లా చంపే ఘాటు మందు కొడితే ముందు అవే పోతాయి, ఆ తర్వాత చెడ్డ నల్లికి అడ్డుండదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు ఇదే. నర్సరీ మొక్కలు, కొత్తగా నాటిన చెట్ల విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. చివరి మొగ్గలు చచ్చిపోతే వాటి ఎదుగుదలే ఆగిపోతుంది.

తప్పదనుకుంటే నీటిలో కరిగే గంధకం వాడొచ్చు. చిగుళ్లు వచ్చాక, పూలు విచ్చుకోకముందే కొట్టాలి. మోతాదు డబ్బా మీద రాసినంతే. ఆకుల రెండు వైపులా, కొమ్మల చివర్లూ బాగా తడవాలి. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో కొడితే ఆకులు మాడతాయి. నూనె మందు కొట్టి ఉంటే కనీసం రెండు వారాలు ఆగండి. కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు మర్చిపోవద్దు. నూనె తీసే కాయలైతే కోతకు దగ్గర్లో గంధకం అసలు వద్దు, దాని వాసన నూనెకు పడుతుంది.

చెట్టు మధ్యకు గాలి, వెలుతురు చేరేలా కొమ్మలు పలుచన చేస్తే మందు లోపలిదాకా అందుతుంది. నత్రజని ఎరువు అతిగా వేయకండి, నల్లికి కావాల్సింది ఆ లేత చిగుళ్లే. కొత్త మొక్కలు తెచ్చినప్పుడు నాటకముందే భూతద్దంతో చూడండి, నల్లి వాటితోపాటే తోటలోకి వస్తుంది.

వంకరపోయిన ఆకులు మందు కొట్టినా తిరిగి చక్కబడవు, కాబట్టి వాటిని చూసి మందు పనిచేయలేదని మళ్లీ కొట్టకండి. రెండు వారాల తర్వాత, కొత్తగా వచ్చిన చిగుళ్లను భూతద్దం కింద పెట్టి చూడండి.